ధర పెరుగుతున్నప్పుడే బరువు చూసుకోవాలి: కోలారు గని నేర్పిన లెక్క

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ బంగారు వర్తకులలో ఒక నమ్మకం బాగా స్థిరపడింది. ధర పెరిగితే వ్యాపారం పెరిగినట్లేనన్నదే ఆ నమ్మకం. 2025 ఏప్రిల్‌లో పది గ్రాముల మేలిమి బంగారం లక్ష రూపాయలు తాకిన నాటినుంచి ఇది మరింత గట్టిపడింది. చైతన్యపురి నుంచి కొత్తపేట దాకా ఏ కొట్టులో అడిగినా నిరుడికంటే ఈ ఏడు అమ్మకం ఎంత పెరిగిందో రూపాయలలో చెబుతారు. ఎన్ని గ్రాములు అమ్మారని అడిగితే మాత్రం ఖాతా వెతుక్కోవలసి వస్తుంది.

ఈ నమ్మకాన్ని ఒకసారి గీటురాయి మీద పెట్టి చూడటం అవసరం. ప్రపంచ స్వర్ణ మండలి లెక్కల ప్రకారం 2024లో మన దేశంలో ఆభరణాల కొనుగోలు సుమారు 563 టన్నులు. అంతకుముందు ఏడాదితో పోలిస్తే బరువులో దాదాపు 2 శాతం తగ్గింది. అదే ఏడాది కొనుగోళ్ల విలువ మాత్రం బాగా పెరిగింది. అంటే గల్లాపెట్టె నిండుతోంది కాని త్రాసు తేలికవుతోంది. నల్లగొండ, సూర్యాపేట, చౌటుప్పల్ వైపునుంచి పెళ్లి బేరానికి వచ్చే కుటుంబాలు తెచ్చే సొమ్ము పెరిగినా, పట్టుకెళ్లే తులాలు తగ్గుతున్న సంగతి కౌంటరులో నిలబడేవారందరికీ తెలుసు.

విలువ పెరిగి బరువు తగ్గడం అన్నది మామూలు హెచ్చుతగ్గుల వ్యవహారం కాదు. ఈ లెక్కను తప్పుగా చదువుకుని ఒక ఊరు ఊరే దెబ్బతిన్నది. సినిమాల పుణ్యమా అని ఇటీవల పిల్లలకు సైతం పేరు తెలిసిన కోలారు బంగారు గనులే ఆ ఊరు. బంగారం మీద బతికే ప్రతి బజారుకూ దాని చరిత్ర పాఠం వంటిది.

గని వెలసిన తీరు

చిత్తూరు జిల్లా కుప్పానికి చేరువలో, తెలుగు మాట ఇంటింటా వినిపించే కోలారు నేలమీద బంగారం ఉన్నట్లు స్థానికులకు ఏనాటినుంచో తెలుసు. 1802లో సర్వే పనిమీద వచ్చిన లెఫ్టినెంట్ జాన్ వారెన్ ఆ సంగతిని కాగితం మీద పెట్టాడు. 1870లలో మైకేల్ లావెల్ అనే ఐరిష్ సైనికుడు తవ్వకాలకు మైసూరు ప్రభుత్వం దగ్గర హక్కు సంపాదించాడు. పెట్టుబడి పెట్టే శక్తి అతనికి లేకపోవడంతో హక్కులు చేతులు మారాయి. 1880లో లండనుకు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ నిర్వహణ చేపట్టింది. తొలి ఏళ్లలో నష్టాలే మిగిలాయి. కంపెనీని ఎత్తివేయవలసిన దశలో, 1880ల మధ్యలో, అసలైన బంగారు పొర చేతికి చిక్కింది.

అక్కడినుంచి ఊరు పెరిగిన వేగం అసాధారణం. బౌరింగ్‌పేట నుంచి మారికుప్పానికి రైలు వచ్చింది. 1902లో శివసముద్రం నుంచి సుమారు 147 కిలోమీటర్ల తీగల మీద విద్యుత్తు వచ్చింది. బెంగుళూరు వీధులకు కరెంటు దీపాలు రాకముందే గని పట్టణం వెలిగింది. రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట బజార్లు కిటకిటలాడాయి. ఉత్తర ఆర్కాటు నుంచి తమిళులు, చిత్తూరు పల్లెలనుంచి తెలుగువారు పనికి తరలివచ్చారు. ఒక దశలో దాదాపు ముప్పయి వేలమంది ఆ గనుల మీద ఆధారపడి పనిచేశారు. దొరల బంగళాలు, క్లబ్బు, ఆస్పత్రి చూసినవారు దానిని చిన్న ఇంగ్లండు అన్నారు.

పెరిగిన ఊరు, తరిగిన దిగుబడి

వర్తకులు గమనించవలసిన విషయం ఇక్కడే ఉంది. కోలారు దిగుబడి ఇరవయ్యో శతాబ్దపు మొదటి పదేళ్లలోనే శిఖరానికి చేరింది. విద్యుత్తు వచ్చి, ఊరు పేరు మోగి, బజారు విస్తరించిన కాలంలోనే లోపల ఖనిజం పలచబడటం మొదలైంది. పైన అంగళ్లు పెరుగుతూనే ఉన్నాయి. లోపల రాతిలో బంగారం తరుగుతూనే ఉంది.

తొలి ఏళ్లలో టన్ను రాతికి 40 గ్రాములకు మించి బంగారం వచ్చింది. అంటే పది గ్రాములకు పావు టన్ను రాయి చాలు. చివరి ఏళ్లకు అది టన్నుకు 3 గ్రాముల దరిదాపుకు పడిపోయింది. అప్పుడు అదే పది గ్రాములకు మూడు టన్నులకు పైగా రాతిని తవ్వి, పైకి లాగి, పిండి చేసి, సైనైడులో కడగవలసి వచ్చింది. ఆ రాయి దొరికేది కూడా నేల చేరువలో కాదు. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లు దాటి లోతుకు పోయింది. అక్కడ రాతి వేడి 60 డిగ్రీలు దాటేది. చల్లగాలిని కిందికి పంపడానికి, నీటిని పైకి తోడటానికి, రాయి పేలి గోడలు కూలకుండా కాపాడటానికి అయ్యే ఖర్చు అడుగడుగునా పెరిగింది. రాతి పేలుళ్లలో పోయిన ప్రాణాల లెక్క వేరు.

ఈ తరుగును కప్పిపుచ్చింది ధర. 1931లో బ్రిటన్ స్వర్ణ ప్రమాణాన్ని వదిలిపెట్టింది. 1934లో అమెరికా ఔన్సు బంగారాన్ని 20.67 డాలర్ల నుంచి 35 డాలర్లకు పెంచింది. పలచని ఖనిజం సైతం గిట్టుబాటైంది. లండను వాటాదార్లకు లాభాంశాలు ఆగలేదు. ఆ లాభం గని నిపుణత వల్ల వచ్చింది కొంత, బయటి ధర వల్ల వచ్చింది కొంత. అసలు మాట ఏమంటే, గనిలో తీసిన ప్రతి ఔన్సూ తిరిగి పుట్టేది కాదు. అది మూలధనం. మూలధనాన్ని లాభం పద్దులో రాసుకుని పంచుకోవడమే అక్కడ జరిగింది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయన్న సామెత బంగారు కొండకూ వర్తిస్తుంది.

రెండు ధరల కాలం

1956లో మైసూరు ప్రభుత్వం గనులను జాతీయం చేసింది. 1962లో అవి కేంద్రం చేతికి వెళ్లాయి. విదేశీ మారకద్రవ్యం కటకటగా ఉన్న రోజులవి. గనిలో తీసిన బంగారం బజారుకు రాలేదు. అంతర్జాతీయ అధికార ధరకు కేంద్ర ఖజానాకు జమ అయింది. ఔన్సుకు 35 డాలర్ల చొప్పున లెక్కిస్తే పది గ్రాములకు రు. 53.58 పడేది. అప్పటి బజారు ధర అంతకు దాదాపు రెట్టింపు. 1966లో రూపాయి విలువ తగ్గించాక అధికార ధర రు. 84.40 దరిదాపుకు వచ్చింది. 1970 నాటికి బజారులో పది గ్రాములు రు. 180 దాటింది.

సగం ధరకు సరుకు ఇస్తూ ఏ వ్యాపారమూ నిలవదు. గని ఖాతాలో నష్టం కనిపించింది. ఆ నష్టాన్ని పూడ్చడానికి సబ్సిడీ ఇచ్చారు. ఖజానాకు చేరిన లాభం ఒక పద్దులో, గని నష్టం మరొక పద్దులో ఉండటంతో చూసేవారికి గని దండగమారిదిగా కనిపించింది. ఆ ముద్ర మళ్లీ పోలేదు. 1963 జనవరిలో వచ్చిన స్వర్ణ నియంత్రణ నిబంధనలు కంసాలుల పొట్ట కొట్టిన సంగతి పాత వర్తకులకు విదితమే. 1968లో అవి చట్టమయ్యాయి. 1990లో గాని ఆ చట్టం రద్దు కాలేదు. బంగారం తవ్వేవాడికీ, మలిచేవాడికీ ఒకే కాలంలో చేతులు కట్టివేశారన్నమాట.

1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడింది. బజారు ధర దక్కే రోజులు వచ్చేసరికి రాతిలో పస తగ్గిపోయింది. మంచి ఖనిజం ఉన్నప్పుడు ధర లేదు. ధర వచ్చినప్పుడు ఖనిజం లేదు. లోతు తగ్గని గనికి ఖర్చు తగ్గే దారి కనిపించక, 1990లలో కంపెనీ ఖాయిలా పరిశ్రమల జాబితాకెక్కింది.

అడుగు ధరలో మూత

1980 జనవరిలో ఔన్సు 850 డాలర్లు పలికిన బంగారం ఇరవై ఏళ్లపాటు మెత్తబడుతూ వచ్చింది. 1999లో 250 డాలర్ల అంచుదాకా దిగింది. బ్రిటన్ ఖజానా సైతం 1999 నుంచి 2002 వరకు సుమారు 395 టన్నులు వేలం వేసి వదిలించుకుంది. బంగారానికి ఇక భవిష్యత్తు లేదని పెద్దలు తీర్మానించిన కాలమది. సరిగా ఆ రోజుల్లోనే, 2001 ఫిబ్రవరి 28న, కోలారు గనులు మూతపడ్డాయి. అప్పటి ధర ఔన్సుకు 260 డాలర్ల దరిదాపు. మన బజారులో పది గ్రాములు నాలుగు వేల పైచిలుకు. సుమారు మూడున్నర వేలమంది పని పోగొట్టుకున్నారు. అదే కంపెనీ కింద ఉన్న చిత్తూరు జిల్లా చిగరగుంట, అనంతపురం జిల్లా రామగిరి గనుల కథ కూడా కోలారుతోపాటే ముగిసింది.

అడుగు ధరలో మూశారు గనుక అది తెలివితక్కువ పని అని తేల్చడం తేలిక. నిజం అంత సూటిగా లేదు. పది గ్రాములు రు. 4,300 ఉన్నప్పుడు టన్నుకు 3 గ్రాముల ఖనిజం నుంచి వచ్చేది సుమారు రు. 1,290. మూడు కిలోమీటర్ల లోతునుంచి టన్ను రాయి తెచ్చి శుద్ధి చేయడానికి అది ఏ మూలకూ చాలదు. ఆనాటి లెక్క ప్రకారం నడపడం సాధ్యం కాదన్న మాటలో అబద్ధం లేదు.

తప్పు జరిగింది మరొక చోట. మూత రెండు రకాలు. తాళం వేసే మూత ఒకటి, తలుపే తీసివేసే మూత మరొకటి. పంపులు ఆగాక లోతు సొరంగాలలో నీరు నిండింది. ఆ తరువాత ధర ఇరవై రెట్లు దాటినా ఆ లోతుల్లోకి తిరిగి దిగడం కాగితం మీద చెప్పినంత సులభం కాకుండా పోయింది. గిరాకీ లేనప్పుడు వర్తకుడు సరుకు తగ్గించుకుంటాడు. గుమస్తాలను తగ్గించుకుంటాడు. కాని త్రాసు, లైసెన్సు అమ్ముకోడు. కోలారు విషయంలో ఆ జాగ్రత్త లోపించింది.

కార్మికులు కోర్టుల చుట్టూ తిరిగారు. 2013లో సుప్రీంకోర్టు టెండర్లకు దారి చూపింది. 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం 13 సైనైడు గుట్టల మీద తిరిగి పని చేపట్టేందుకు సమ్మతించింది. మూడు కోట్ల టన్నులకు పైగా ఉన్న ఆ మట్టిలో టన్నుకు గ్రాముకంటె తక్కువే బంగారం ఉంది. కొండను తవ్వి ఎలుకను పట్టే వ్యవహారమైనా, నేటి ధర దానికి ఆశ కల్పిస్తోంది. ఈలోగా గని కార్మికుల పిల్లలు తెల్లవారుజామున మారికుప్పం రైలెక్కి బెంగుళూరు కూలికి, కొలువుకు వెళ్లి రాత్రికి ఇల్లు చేరే బతుకుకు అలవాటుపడ్డారు. అక్కడే వెలసిన భారత్ ఎర్త్ మూవర్స్ కర్మాగారం కొందరికి అండ అయింది. ఊరంతటినీ మోసే శక్తి దానికి లేదు.

నూట ఇరవై ఏళ్లలో కోలారు ఇచ్చిన బంగారం మొత్తం సుమారు 800 టన్నులు. 2021 ఒక్క ఏడాదిలోనే మన దేశం 900 టన్నులు దాటి దిగుమతి చేసుకుంది. నాలుగు తరాల చెమట మన బజారుకు ఒక్క ఏడాది సరుకుకు సరిపోలేదు.

హట్టి ఎందుకు నిలిచింది?

ఇదిలా ఉండగా, ఒకప్పటి నిజాం రాజ్యంలోని రాయచూరు జిల్లా హట్టి గనులు ఇప్పటికీ నడుస్తున్నాయి. హైదరాబాదుకు సొంతమనదగిన గని అది. రెండు వేల ఏళ్ల క్రితమే అక్కడ 600 అడుగులకు మించి తవ్విన ఆనవాళ్లు ఉన్నాయి. అదే జాన్ టేలర్ కంపెనీ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అక్కడ పని సాగించి 1920లో ఆపింది. పాతికేళ్లు దాటాక, 1947లో, హైదరాబాద్ గోల్డ్ మైన్స్ కంపెనీ పేరిట దానిని తిరిగి చేపట్టారు. రాష్ట్రాల పునర్విభజన తరువాత అది కర్ణాటకకు పోయి హట్టి గోల్డ్ మైన్స్ అయింది. ఏటా సుమారు ఒకటిన్నర టన్నుల బంగారం అక్కడినుంచి వస్తోంది.

హట్టి ఖనిజం కోలారు చివరి రోజుల ఖనిజం కంటె బ్రహ్మాండమైనదేమీ కాదు. కాని లోతు ఒక కిలోమీటరు దరిదాపే. ఖర్చు అదుపులో ఉంది. దిగుబడికి తగినట్లే ఊరు పెరిగింది. కోలారంత పేరు దానికి ఏనాడూ రాలేదు. అంత పతనమూ రాలేదు. ఒకే లోహం, ఒకే ధర. నిలిచినది ఖర్చు తక్కువ ఉన్న గని. పేరు ఎక్కువ ఉన్న గని మూతపడింది.

మన బజారు సంగతి

గనులు ఎక్కడో ఉన్నాయి, మనకేమిటని అనుకోనక్కరలేదు. ఒకే సరుకు మీద బతికిన వీధికి ఏమవుతుందో కొత్తపేట వర్తకులు కళ్లారా చూశారు. 1980ల నుంచి నడిచిన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు 2021లో బాటసింగారం తరలిపోయింది. ఆ స్థలాన్ని ఆస్పత్రికి కేటాయించారు. కమీషను ఏజెంట్లు సరుకు వెంట వెళ్లారు. మామిడి కాలంలో రాత్రంతా తెరిచి ఉంచిన టీ కొట్టు, గడ్డి, గంపలు అమ్మినవాడు, హమాలీ, ట్రాలీ ఆటో నడిపినవాడు అంత తేలికగా వెళ్లలేకపోయారు. సరుకు పోయినప్పుడు ముందు దెబ్బతినేది దాని చుట్టూ బతికేవారే.

దిల్‌సుఖ్‌నగర్ బంగారు వీధికి అంతటి ముప్పు రేపే వస్తుందని ఎవరూ అనరు. 2018లో మెట్రో వచ్చాక రాకపోకలు పెరిగాయి. పెద్ద పెద్ద షోరూములు వెలిశాయి. అద్దెలు, అడ్వాన్సులు, అలంకరణ ఖర్చులు పెరిగాయి. పైకి చూస్తే ఊరు వెలుగుతోంది. కోలారు కూడా ఇలాగే వెలిగింది. అప్పుడు చూడవలసినది లోపలి ఖనిజాన్ని. కొట్టుకు ఖనిజం అంటే గ్రాములే.

ఒక లెక్క చూడవచ్చు. ఒక వర్తకుడు పది గ్రాములు రు. 70,000కు కొని రు. 90,000కు అమ్మాడనుకుందాం. ఖాతాలో లాభం రు. 20,000. ఆ సొమ్మును ఇంటి ఖర్చుకో, కొత్త అద్దాల పనికో వాడి, మిగిలిన రు. 70,000తో తిరిగి సరుకు కొంటే వచ్చేది ఏడు గ్రాముల ముప్పాతిక చిల్లర మాత్రమే. లాభం తిన్నాననుకున్నాడు. తిన్నది రెండు గ్రాముల పైచిలుకు మూలధనాన్ని. ఇలా మూడు నాలుగు తిరుగుళ్లు తిరిగేసరికి రూపాయలలో కొట్టు అలాగే కనిపిస్తుంది. బీరువాలో సరుకు సగానికి చేరుతుంది. అమ్మిన బరువును తిరిగి నింపాక మిగిలినదే నిజమైన ఆదాయం. చిన్న కొట్లకు అది మజూరి, తరుగు రూపంలో వచ్చేదే. పెద్ద షోరూముల పోటీలో అది కూడా సన్నగిల్లుతోంది.

అందుచేత వర్తకులు చేయదగిన పనులు మూడు కనిపిస్తున్నాయి. మొదటిది, రూపాయి ఖాతా పక్కనే గ్రాముల ఖాతా నడపాలి. ఉగాదికి ఎన్ని గ్రాములతో మొదలుపెట్టారు, మళ్లీ ఉగాదికి ఎన్ని మిగిలాయన్న ఒక్క ప్రశ్నకు జవాబు ఉంటే చాలు. రెండవది, ఈ ధర ఎప్పటికీ ఇలాగే ఉంటుందన్న ధీమాతో దీర్ఘకాలపు అద్దె ఒప్పందాలు, అప్పులు చేయరాదు. 1980 శిఖరం తరువాత ఇరవై ఏళ్లు బజారు ఎలా పడుకుందో పాత ఖాతాలు చెబుతాయి. మూడవది, మరమ్మతు, పాత నగల మార్పిడి, వెండి వంటి చిన్న పనులను చిన్నచూపు చూడరాదు. అమ్మకం లేని నెలల్లో కొట్టును నడిపేవి అవే.

ప్రభుత్వాలకు చెప్పవలసిన మాట కూడా ఒకటుంది. కర్నూలు జిల్లా జొన్నగిరిలో ప్రైవేటు కంపెనీ గని పనులు చేపట్టింది. చిగరగుంట గనిని తిరిగి తెరిచే ప్రయత్నాలు సాగాయి. నేటి ధర చూస్తే ఇవి రావలసినవే. 2003 నుంచి ప్రతి గనికీ మూసివేత ప్రణాళిక ఉండాలన్న నిబంధన ఉంది. అది గోతిని పూడ్చడానికి, నేలను సరిచేయడానికి పనికివస్తుంది. గని చుట్టూ వెలిసే బజారుకు, కూలీకి, అరువిచ్చిన కిరాణా కొట్టుకు ఆ ప్రణాళిక ఒక్కటే చాలదు. గని లాభంలో ఉన్న రోజులనుంచే టన్నుకింత అని తీసి, ఆ ఊరి రెండవ బతుకుతెరువుకు పక్కన పెట్టాలి. నష్టం వచ్చాక పక్కన పెట్టడానికి ఏమీ మిగలదు.

బంగారం అబద్ధమాడదంటారు. ధర మాత్రం చాలాసార్లు ఆడుతుంది. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న మాట కోలారుకు ఆలస్యంగా తెలిసింది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ వర్తకులకు ఇంకా వేళ మించలేదు. ఈ రాత్రి గల్లా లెక్క చూసుకున్నాక, త్రాసు లెక్క కూడా ఒకసారి చూసుకోవడం మంచిది.